ఆంగ్లపాఠ్యములు - విద్యార్థి ప్రతిస్పందనము: భద్రాచల మన్యసీమను గూర్చిన పరిశీలనము

కళాశాలలో ఆంగ్లపాఠ్యముగా నిర్ణయింపబడిన ఒక పద్యమును చదివినపుడు విద్యార్థి మనస్సులో కలిగెడి మార్పు ఎట్టిది? అది ఏ భాషలో కలుగును? అధ్యాపకుని దృష్టికి ఎట్లు వచ్చును? ఈ ప్రశ్నలు పైకి ఆంగ్లశాఖకు సంబంధించినవిగా తోచును. విచారించినచో వీనితో తెలుగుశాఖకు గల సంబంధము తక్కువది కాదని తేలును. పాఠ్యము ఆంగ్లమే యైనను, దానిని చదివిన తెలుగు విద్యార్థి మనస్సులో మొదట పుట్టెడి మాట తెలుగుమాట. పరీక్షపత్రమున కెక్కునప్పటికి ఆ మాట ఆంగ్లవాక్యముగా మారవలెను. ఆ మార్పులో పెక్కుమారులు అసలు మాట జారిపోయి, బజారున దొరకెడి గైడులోని వాక్యము దాని స్థానమున నిలుచును. సమాధానమునకు మార్కులు వచ్చును. చదువరి ఏమనుకొన్నాడో మాత్రము ఎవరికిని తెలియదు.

ఈ వ్యాసమున ప్రతిస్పందనమను పదమును ఒక నియతార్థమున వాడుచున్నాను. పాఠ్యసారాంశమును చెప్పుట ప్రతిస్పందనము కాదు. కవిని మెచ్చుకొనుటయు కాదు. చదువరి తన అనుభవమును, తన భాషను పాఠ్యమునకు ఎదురుగా నిలిపి, ఆ రెంటి నడుమ కనబడిన పొత్తును గాని పొసగమిని గాని చెప్పుట ప్రతిస్పందనము. ఇట్టిది మన సాహిత్యచరిత్రలో ఎట్టి ఫలము నిచ్చినదో మొదట చూచి, పిమ్మట భద్రాచల ప్రాంతపు తరగతిగదికి వత్తును. కోయ, తెలుగు, ఆంగ్లము అను మూడు భాషలు ఒకదానిపై నొకటి పేరుకొన్న ఆ సీమలో ఈ సమస్య మిక్కిలి స్పష్టముగా గోచరించును.

1. పూర్వరంగము

1835 ఫిబ్రవరిలో మెకాలే తన నివేదికను సమర్పించిన పిదప ఆంగ్లవిద్యకు ప్రభుత్వాశ్రయము స్థిరపడెను. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయ మేర్పడెను. ఇంగ్లండులోని విశ్వవిద్యాలయములలో ఆంగ్లసాహిత్యము స్వతంత్ర పాఠ్యవిషయముగా కుదురుకొనుటకు చాల ముందుగనే భారతదేశపు కళాశాలలలో అది పాఠ్యమైనదని గౌరీ విశ్వనాథన్ 1989లో ప్రకటించిన గ్రంథమున సవిస్తరముగా నిరూపించిరి. పాలకులు తమ ఇంట పూర్తిగా అలవరచుకొనకముందే మన ఇంట ప్రవేశపెట్టిన చదువు ఇది.

ఈ చదువునకు తెలుగు విద్యార్థి రెండు విధముల బదులు చెప్పెను. మొదటిది వల్లెవేత. దీనిని గురజాడ అప్పారావు వలె పట్టి చూపినవారు లేరు. కన్యాశుల్కము రెండవ కూర్పు (1909)లో కొడుకు ఇంగ్లీషు వినవలెనని తల్లి ముచ్చటపడగా, గిరీశమును వెంకటేశమును శిశుగేయములలోని చరణములను, వాచకములలోని వాక్యములను ఒకరి కొకరు ప్రశ్నోత్తరములవలె అప్పగించుకొందురు. అందు హెమన్సు రచించిన ‘కాసాబియాంకా’ పద్యపు తునక యొకటి. తండ్రి ఆజ్ఞ లేనిదే కదలక మంటలలో నిలిచి మరణించిన బాలుని కథ అది. వెంకటేశమునకు ఆ బాలునితో పని లేదు. తల్లిని మెప్పించుటకు ఆ ధ్వని చాలును. ప్రేక్షకుడు నవ్వును. ఆ నవ్వులో నున్న విమర్శ ఇది: పాఠ్యము నోటికి వచ్చినది, మనస్సునకు రాలేదు.

రెండవ విధము సృష్టి. కట్టమంచి రామలింగారెడ్డి మద్రాసు క్రైస్తవ కళాశాలలో విద్యార్థిగా నున్నపుడు 1899లో ‘ముసలమ్మ మరణము’ను రచించెను. ఆంగ్లమున విషాదాంత కావ్యములను చదివిన విద్యార్థి ఆ విషాదమునకు తగిన వస్తువును అనంతపురసీమ చరిత్రలో వెదకికొనెను. చెరువుకట్ట తెగకుండ ఊరిని కాచుటకై ప్రాణము లర్పించిన ఇల్లాలి కథ అది. పాఠ్యము నేర్పిన దృష్టి, తన నేల ఇచ్చిన వస్తువు అచట కలిసినవి. కందుకూరి వీరేశలింగము కళాశాల విద్యార్థి కాకపోయినను ఆయన ఉదాహరణమును విడువరాదు. గోల్డ్‌స్మిత్ రచించిన ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ (1766)ను తెనిగింప మొదలిడి, అది తెలుగువారి బ్రతుకునకు పొసగదని మానుకొని, ఆయన ‘రాజశేఖర చరిత్రము’ను వ్రాసెను. అది 1878లో వివేకవర్ధనిలో వెలువడ నారంభించెను. ఇంగ్లండు పల్లెలోని మతాచార్యుడు గోదావరీతీరమున ధవళేశ్వరపు గృహస్థుగా మారెను. అనువాదమును మానుకొనిన ఆ క్షణమే నిజమైన ప్రతిస్పందనము. 1887లో ఆ తెలుగు నవలయే ‘ఫార్చ్యూన్స్ వీల్’ అను పేర ఆంగ్లమునకు పరివర్తితమై లండనులో అచ్చగుట గమనింపదగినది.

వల్లెవేతకును సృష్టికిని నడుమ మరియొక స్థానము కలదు. కావ్యము వ్రాయలేకపోయినను, చదివినదానిని గూర్చి తన మాటగా ఒక వాక్యము చెప్పగలిగిన సామాన్య విద్యార్థి స్థానము అది. చరిత్రకారులు మొదటి రెంటిని గుర్తించిరి. మన తరగతులలో కూర్చున్నవారు పెక్కురు ఈ మూడవ స్థానమునకు చెందినవారు.

2. లక్షణ విచారము

సామాన్య పాఠకుని ప్రతిస్పందనమును శాస్త్రీయముగా పరీక్షించినవారిలో ఐ. ఎ. రిచర్డ్స్ ముఖ్యుడు. ఆయన కేంబ్రిడ్జి విద్యార్థులకు కవిపేరు లేకుండ పద్యములనిచ్చి, వారికి తోచినదానిని స్వేచ్ఛగా వ్రాయించి, ఆ వ్రాతలను విశ్లేషించి, 1929లో ‘ప్రాక్టికల్ క్రిటిసిజమ్’ను ప్రకటించెను. అందు పాఠకునకు కలిగెడి ఆటంకములను పదింటిని పేర్కొనెను. వానిలో మొదటిది పద్యపు వాచ్యార్థమే తెలియకపోవుట. ఆంగ్లము మాతృభాషగా గలవారిలోను ఈ దోషము మెండుగా కనబడుట ఆయనను విస్మితుని జేసెను. కావున మన్యసీమ విద్యార్థికి ఆంగ్లపద్యపు వాచ్యార్థము తడబడినచో దానిని వాని జాతికి గాని ప్రాంతమునకు గాని అంటగట్టుట తగదు.

మన ఆలంకారికులు ఈ విచారమును వేయేండ్ల క్రిందటనే చేసిరి. అభినవగుప్తుడు అభినవభారతిలో రసప్రతీతికి ఏడు విఘ్నములను చెప్పెను: సంభావనావిరహము, స్వగత పరగతత్వములచే దేశకాలవిశేషావేశము, నిజసుఖాదివివశీభావము, ప్రతీత్యుపాయవైకల్యము, స్ఫుటత్వాభావము, అప్రధానత, సంశయయోగము. రిచర్డ్స్ చెప్పిన వాచ్యార్థదోషమునకు ప్రతీత్యుపాయవైకల్యము దగ్గరగా వచ్చును. పద్యమును విడిచి స్వంత జ్ఞాపకములలో కొట్టుకొనిపోవుట యను దోషమునకు నిజసుఖాదివివశీభావము దగ్గరిది. కాని రిచర్డ్స్ పేర్కొన్న ముందే సిద్ధమైయున్న స్పందనము, అనగా పద్యమును చదువకముందే దానికి తగినదని అనుకొన్న భావమును ఒప్పగించుట, ఏడింటిలో దేనికిని సరిగా అమరదు. కారణము ఊహింపవచ్చును. అభినవగుప్తుని సహృదయుడు పరీక్షకు కూర్చుండలేదు. సిద్ధస్పందనమును పెంచునది పాఠశాల.

ఈ రెండు సంప్రదాయములనుండి మనకు ఒక గీటురాయి లభించును. విద్యార్థి తన అనుభవమును తెచ్చుట దోషము కాదు. అందే ఆగిపోవుట దోషము. అనుభవమునుండి తిరిగి పాఠ్యములోని మాటకు వచ్చి, అంతకుముందు కనబడనిదానిని అచట చూడగలిగినచో అది సఫలమైన ప్రతిస్పందనము.

3. భద్రాచల సీమ

భద్రాచలము గోదావరికి ఎడమగట్టున నున్నది. ఈ తాలూకా 1874లో మధ్యపరగణాలనుండి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మారెను. 1959లో ఖమ్మము జిల్లాలో చేరెను. 2014లో పరిసర మండలములు కొన్ని ఆంధ్రప్రదేశమున కలిసెను. పట్టణము తెలంగాణమున నిలిచి, 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో నున్నది. పట్టణములోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలకు దుమ్ముగూడెము, చర్ల మొదలగు అటవీమండలములు సహజమైన పరిసరము. ఎల్లలు మారినను ఇంటిభాషల పొందిక అంతగా మారలేదు.

ఇచటి కోయలలో కొందరు తెలుగునే మాతృభాషగా చేసికొనిరి. కొందరు ఇంట కోయభాషను, అంగడిలో తెలుగును మాటాడుదురు. కోయ ద్రావిడభాష, గోండీకి మిక్కిలి సన్నిహితము, తెలుగునకు చుట్టము. దుమ్ముగూడెమున మతప్రచారకుడుగా నున్న జాన్ కెయిన్ 1876 నుండి ‘ఇండియన్ ఆంటిక్వరీ’లో భద్రాచల, రేకపల్లి తాలూకాలను గూర్చి వ్యాసములు ప్రకటించెను. స్టీఫెన్ టైలర్ 1969లో గొమ్ముకోయల పలుకుబడికి వ్యాకరణ మొకటి వెలువరించెను. ఆంగ్లమున ఈ భాషను గూర్చిన గ్రంథములు కలవు; ఈ భాషలో చదువుకొనుటకు కళాశాల విద్యార్థికి పాఠ్యము లేదు. కావున ఇంట కోయ మాటాడెడి విద్యార్థి ఆంగ్లపద్యమును చేరుటకు రెండు మెట్లు ఎక్కవలెను. తెలుగు వానికి చేయూతయు నగును, మొదటి అడ్డంకియు నగును. తెలుగు అధ్యాపకులు ఈ రెండవ సంగతిని తరచుగా మరతురు.

ఇక పద్యములను మూడింటిని తీసికొని, అవి ఇట్టి విద్యార్థి మనస్సులో లేపగల ప్రశ్నలను పరీక్షింతము. మూడును మన దేశపు ఆంగ్లతరగతులకు చిరపరిచితములు. ఇచట చెప్పెడి విద్యార్థి ఊహామాత్రుడు. వాని చుట్టునున్న నేల, భాష, పాట ఊహలు కావు.

4. మూడు పద్యములు

వర్డ్స్‌వర్త్ 1807లో ప్రచురించిన ‘డాఫోడిల్స్’ పద్యము మొదటిది. సరస్సుగట్టున వేలకొలది పసుపుపచ్చని పూలు గాలికి ఆడుచుండగా కవి చూచును. పిదప ఏకాంతమున ఆ దృశ్యము మనస్సునకు వచ్చి ఆనందమిచ్చును. ఈ పూలను మన విద్యార్థి చూడలేదు. ఆంటిగ్వాలో పుట్టిన జమైకా కింకేడ్ 1990 నాటి ‘లూసీ’ నవలలో ఇట్టి స్థితినే చిత్రించెను: చిన్ననాట ఈ పద్యమును కంఠస్థము చేయవలసి వచ్చిన యువతి, పెద్దయైన పిదప ఆ పూలను మొదటిసారి చూచి కోపము తెచ్చుకొనును. కోపమును ప్రతిస్పందనమే. కాని భద్రాచలపు విద్యార్థికి మరియొక దారి కలదు.

వానికి తెలిసిన పూలరాశి ఇప్పపూవు. వేసవి మొదట తెల్లవారుజామున చెట్టుక్రింద రాలిన ఇప్పపూలను ఇంటిల్లిపాది వంగి ఏరుదురు. ఎండబెట్టి తిందురు, అమ్ముదురు. “మేము ఇప్పపూలు ఏరుదుము” అని వ్రాసి ఆగినవాడు పద్యమును విడిచినట్లే. అచటినుండి తిరిగి పద్యమునకు వచ్చినవానికి ఒక విశేషము తట్టును. ఆ పద్యములో పూలకొరకు వంగినవారు లేరు, ఒక్క పూవును కోసినవారు లేరు. అయినను ఆ దృశ్యము తన కిచ్చినదానిని కవి సంపద యనియే పేర్కొనెను. వంగి ఏరువానికి పూవు నాటి ఉదయమే బుట్టలో చేరెడి సంపద. దూరమునుండి చూచువానికి అది ఏండ్లు గడచిన పిదప మనస్సులో చేరెడి సంపద. సంపద యను ఆ మాట ఎంత బరువు మోయుచున్నదో లండను విద్యార్థికంటె ఇప్పచెట్టుక్రింద పెరిగినవానికి త్వరగా తెలియును. 1802 ఏప్రిలులో ఆ పూలను చూచిననాడు కవి వెంట చెల్లెలు డొరతీ ఉండెననియు, ఆమె దినచర్యలో ఆ దృశ్యము వర్ణింపబడినదనియు అధ్యాపకుడు అపుడు చెప్పినచో, పద్యములోని ఒంటరితనము కవి కల్పించినదని విద్యార్థి తానే గ్రహించును.

రెండవది మిల్టను తన అంధత్వమును గూర్చి వ్రాసిన సానెట్టు. ఆయన చూపు 1652 నాటికి పూర్తిగా పోయెను. చూపు లేనివానిని దేవుడు పని యడుగునా అని కవి గొణుగబోవును. ఆ గొణుగుడు బయటికి రాకమునుపే ఓర్పు మూర్తీభవించి బదులు చెప్పును. పద్యము శాంతితో ముగియును. ఈ పద్యమును చదువునపుడు భద్రాచలపు విద్యార్థి చెవిలో మరియొక బందీ గొంతు మ్రోగకుండ నుండదు. కంచెర్ల గోపన్న తానీషా కాలమున గోలకొండ చెరసాలలో పండ్రెండేండ్లు మగ్గెనని ప్రతీతి. ఆయన కీర్తన యొకటి తాను చేయించిన నగలను, వాని ఖర్చును ఒక్కొక్కటిగా దేవునికి లెక్కచెప్పి, నిలదీసి, నిందించి, తుదకు దెబ్బలకు తాళలేక అంటినని మన్నింపు వేడును.

ఇచట విద్యార్థి అడుగగల ప్రశ్న సూటియైనది: మిల్టను తన మొరను పూర్తిగా ఎందుకు చెప్పుకొనలేదు? తక్కువ చదివినవాని ప్రశ్నగా దీనిని త్రోసివేయరాదు. దీనికి సమాధానము చెప్పుటకు అధ్యాపకుడు పదునాలుగు చరణముల నియమమును, మత్తయి సువార్తలో యజమానుడు సేవకులకు ధనమప్పగించి లెక్క అడిగిన కథను, ప్యూరిటను మతనిష్ఠను వివరింపవలసి వచ్చును. రామదాసు వైపున నిందాస్తుతి సంప్రదాయమును, భక్తునకు దేవునిపై గల చనువును చెప్పవలసి వచ్చును. ఒకచోట గొణుగుడు అణగుటయే భక్తి. మరియొకచోట గొణుగుడు వెలికివచ్చుటయే భక్తి. ఒక్క ప్రశ్న రెండు కావ్యధర్మములను తెరచినది. ఆ ప్రశ్న విద్యార్థి రామభక్తినుండి పుట్టినను ఆ భక్తిలోనే మిగిలిపోలేదు. సానెట్టులోని ఒక చరణమునకు తిరిగివచ్చినది.

మూడవది ఈ వ్యాసమునకు కీలకము. అది వర్డ్స్‌వర్త్ 1805లో రచించి 1807లో ప్రచురించిన ‘సాలిటరీ రీపర్’. స్కాట్లండు కొండసీమలో ఒక పడుచు ఒంటరిగా పంట కోయుచు పాడుచుండగా దారిని పోవు కవి వినును. ఆమె భాష ఆయనకు రాదు. ఆమె ఏమి పాడుచున్నదో చెప్పువారు లేరా అని అడుగును. పూర్వపు యుద్ధములో, నిత్యజీవితపు దుఃఖములో అయియుండునని ఊహించును. అర్థము తెలియకయే ఆ నాదమును గుండెలో మోసికొని కొండ యెక్కి పోవును. కవి 1803లో స్కాట్లండున పర్యటించిన మాట నిజమే కాని, ఈ సన్నివేశమునకు మూలము థామస్ విల్కిన్‌సన్ అను మిత్రుని యాత్రావ్రాతప్రతిలోని ఒక వాక్యము. ఆ పడుచు పాడినది గేలిక్ భాషలో.

మన తరగతులలో ఈ పద్యము సాధారణముగా కవి ప్రక్కన నిలిచి చదువబడును. సంగీతమునకు భాష అడ్డుకాదని గైడులు వ్రాయును. విద్యార్థులును అదే వ్రాయుదురు. కోయ మాతృభాషగా గల విద్యార్థిని ఆ తరగతిలో నున్నదనుకొందము. ఆమె తల్లి పొలములో పాడును. పెండ్లిలో, విత్తనపండుగలో రేలపాట పాడును. దారిని పోవు ఉద్యోగి, యాత్రికుడు, పరిశోధకుడు ఆగి విందురు, బాగున్నదందురు, వెళ్లుదురు. ఈ విద్యార్థినికి పద్యములో కవి చోటు పరాయిది. కోత కోయు పడుచు చోటే తనది. అటనుండి చూచినపుడు ఆమెకు మూడు సంగతులు కనబడును. పాట ఏమని కవి అందరిని అడిగెను, పాడుచున్నదానిని అడుగలేదు. ఆగుమని, లేదా మెల్లగా సాగిపొమ్మని బాటసారులతో పలికెను. ఆమెతో ఒక్కమాట పలుకలేదు. మరియు తెలియని పాటను దుఃఖపుపాటగానే ఊహించెను. పనిపాటలలో ఎగతాళియు, సరసమును, ఇరుగుపొరుగు ముచ్చటయు ఎంత యుండునో ఆమెకు తెలియును.

ఈ మూడును పద్యశరీరములోనే ఉన్నవి. సంబోధనలను, క్రియలను పరిశీలించిన ఎవరైనను వీనిని చూపవచ్చును. కాని పడుచు వైపున నిలిచినవారికి అవి ముందుగా కనబడును. వీనివలన పద్యము చెడునా? చెడదు. తెలియని భాషయెదుట నిలిచిన వినువాని పరిమితిని కవి దాచలేదనియు, తన అడుగులోని లోటును పద్యములో పదిలపరచెననియు తెలిసి పద్యము మరింత లోతగును. సంగీతమునకు భాష అడ్డుకాదను సిద్ధస్పందనము మాత్రము నిలువదు. భాష తెలియక పోయినది అర్థము. ఆ అర్థము పాడినదానికి ఉండెను.

5. బోధకులకు, పరిశోధకులకు

ఇట్టి ప్రతిస్పందనము నేటి పరీక్షపద్ధతిలో పత్రమున కెక్కుట కష్టము. ఆ విద్యార్థిని ఆంగ్లమున వ్రాయవలెను. తప్పులు పోవునను భయమున గైడు వాక్యమును అప్పగించును. ఆమె మౌనమును అజ్ఞానముగా లెక్కింతుము. ఈ నష్టము ఆమెకొక్కతెకే కాదు. పద్యమును గూర్చిన ఒక మంచి వ్యాఖ్య సాహిత్యవిమర్శకు దక్కకుండ పోవును.

1968లో నైరోబీ విశ్వవిద్యాలయమున గూగీ వా థియోంగో మరి యిద్దరు సహాధ్యాపకులతో కలిసి ఆంగ్లశాఖను తొలగించి ఆఫ్రికా సాహిత్యమును కేంద్రముగా నిలుపవలెనని కోరెను. ఇచట సూచించునది అంత పెద్ద మార్పు కాదు. ఆంగ్లపాఠ్యము ఉండవచ్చును. ప్రతిస్పందనమునకు మాత్రము మూడు మెట్ల నేర్పాటు చేయవలెను. వాచ్యార్థమును అధ్యాపకుడు మొదట సందేహము లేకుండ విప్పి చెప్పవలెను. ప్రతీత్యుపాయవైకల్యమును పోగొట్టుట వాని బాధ్యత. పిదప విద్యార్థి తన ఇంటిభాషలో, నోటితోనైనను, తెలుగులిపిలో నైనను తన మాట చెప్పవలెను. ఆ మాటను తెలుగులోనికి, తుదకు ఆంగ్లములోనికి తానే తేవలెను. విలువ కట్టునపుడు భాషాశుద్ధిని వేరుగను, పాఠ్యమునకు తిరిగివచ్చిన తీరును వేరుగను చూడవలెను.

పరిశోధక విద్యార్థికి ఇచట మంచి వస్తువు కలదు. ఒకే విద్యార్థి ఒకే పద్యమును గూర్చి మూడు భాషలలో చెప్పిన మాటలను, వారి సమ్మతితో, పేర్లు తొలగించి సేకరించి సరిపోల్చవచ్చును. కోయమాటలో ఉండి తెలుగులో పోయినదేమి? తెలుగులో ఉండి ఆంగ్లములో పోయినదేమి? ఏ మెట్టున సిద్ధస్పందనము ప్రవేశించినది? రిచర్డ్స్ ఒకే భాషలో చేసిన పనిని ఇట్లు మూడు భాషల సరిహద్దున చేయుట మన సీమలలోనే సాధ్యము.

దీనికి తెలుగువారిలో ఆదర్శము లేకపోలేదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నున్న గిడుగు రామమూర్తి సవరభాషను సవరలనుండియే నేర్చికొని, వారి బిడ్డలకు వాచకములు వ్రాసి, 1931లో ఆ భాషకు వ్యాకరణమును, 1938లో సవర - ఇంగ్లీషు నిఘంటువును వెలువరించెను. ఆయనయు కొండసీమలో తెలియని భాషను విన్నవాడే. నాదమును మాత్రమే మోసికొని పోక, పాడువారినే అడిగి నేర్చెను. భద్రాచలసీమ కళాశాలలలో ఆంగ్లము బోధించువారికిని, తెలుగు బోధించువారికిని ముందుగా కావలసినది ఆ అడుగుటయే. పాఠ్యమును గూర్చి విద్యార్థి ఏమనుకొనుచున్నాడో వాని భాషలో వాని నడిగి, బదులు వచ్చువరకు ఓపికతో నిలువవలెను.